ఐరాస ఉద్యోగమే, కానీ చేతిలో ఎన్ని నెలల ఖర్చుంది?

ప్రశ్న: నా వయసు 38. ఢిల్లీలో ఒక ఐక్యరాజ్యసమితి సంస్థలో నాలుగేళ్లుగా స్థానిక సిబ్బందిగా ఫిక్స్‌డ్ టర్మ్ కాంట్రాక్టుపై పనిచేస్తున్నా. నెలకు రూ.1.60 లక్షలు వస్తాయి, పన్ను లేదు. ఇంటి ఖర్చు రూ.70 వేలు. షాద్‌నగర్ దగ్గర ప్లాటు కోసం ఈమధ్యే రూ.14 లక్షలు పర్సనల్ లోను తీసుకున్నా (13 శాతం వడ్డీ, ఐదేళ్లు). పక్క ప్లాటుకు రూ.2 లక్షలు అడ్వాన్సిచ్చా. మిగతాది మా ఆవిడ బంగారం తాకట్టు పెట్టి కట్టాలని ఉంది. కాంట్రాక్టు ఇంకా ఎనిమిది నెలలుంది. రెన్యువల్ కాకపోతే పెన్షన్ ఫండ్ డబ్బుతో లోన్లు తీర్చేయొచ్చా? బ్యాంకులో రూ.90 వేలున్నాయి.

జవాబు: బంగారం బీరువాలోనే ఉండనివ్వండి. పక్క ప్లాటు సంగతి వదిలేయండి. అడ్వాన్సు వెనక్కి రాకపోయినా నష్టం రెండు లక్షలతో ఆగుతుంది.

మీలాంటి ఉద్యోగుల్లో చాలామంది పొరబడేది పెన్షన్ ఫండ్ దగ్గరే. పెన్షనబుల్ జీతంలో (పెన్షన్‌కు లెక్కలోకి తీసుకునే జీతం) మీ వాటా 7.9 శాతం, సంస్థ వాటా 15.8 శాతం. రెండూ కలిపి చేతికొస్తాయని లెక్కేసుకున్నట్టున్నారు. ఐదేళ్లు నిండకముందే బయటికొస్తే వచ్చేది మీ వాటా, దానిమీద 3.25 శాతం వడ్డీ మాత్రమే. సంస్థ వాటాలో పైసా రాదు. ఈ కాంట్రాక్టు ముగిసేనాటికి మీ సర్వీసు నాలుగేళ్ల ఎనిమిది నెలలే! ఈపీఎఫ్‌లోలా మధ్యలో అడ్వాన్సు తీసుకోవడం ఇందులో కుదరదు. గడువు తీరి ముగిసిన కాంట్రాక్టుకు పరిహారమూ ఉండదు, అది గడువుకు ముందే తొలగిస్తేనే. 2025లో అమెరికా నిధులు తగ్గాక ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ ఆహార కార్యక్రమమే సిబ్బందిని తగ్గించుకున్నాయి. ఆ వార్తలు మీ ఆఫీసులోనే ముందు తెలిసుంటాయి, అయినా ఇంకో అప్పా?

ఇంటి ఖర్చుకు ఈఎంఐ దాదాపు రూ.31,850 కలిపితే నెలకు లక్ష దాటుతోంది. మీ రూ.90 వేలు ఒక్క నెలకు సరిపోవు. మామూలు ఉద్యోగికి ఆరు నెలల అత్యవసర నిధి చాలంటాను. గడువు తేదీ రాసున్న ఉద్యోగానికి ఏడాది ఉండాల్సిందే, అంటే రూ.12 లక్షల పైమాటే. నెలనెలా మిగిలే రూ.58 వేలు మొత్తం పక్కన పెట్టినా ఎనిమిది నెలల్లో నాలుగున్నర లక్షలు దాటి పెద్దగా పోగవదు. అందుకే ఉన్న ప్లాటు అమ్మకానికి పెట్టండి. వచ్చిన దాంతో పర్సనల్ లోను తీర్చేస్తే కావాల్సిన నిధి తొమ్మిది లక్షల లోపుకు దిగుతుంది, ఈఎంఐ డబ్బూ అందులోకే వెళ్తుంది. ఆ నిధిని స్వీప్ ఎఫ్‌డీలో (అవసరమైనప్పుడు తీసుకోగల బ్యాంకు డిపాజిట్) గానీ, లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా నగదు చేసుకోగల మ్యూచువల్ ఫండ్) గానీ ఉంచండి, ఏదైనా సరే. మ్యూచువల్ ఫండ్ సిప్‌ల గురించి తర్వాత చూద్దాం.

ఆఫీసు వైద్య బీమా ఉద్యోగంతోనే పోతుంది. భార్యాభర్తల పేరిట ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇద్దరికీ కలిపి ఒకే వైద్య బీమా) ఈ నెలలోనే తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు వెయిటింగ్ (క్లెయిమ్ రాని కాలం) పెట్టొచ్చు, ఆ గడియారం జీతం వస్తుండగానే మొదలవ్వాలి. టర్మ్ పాలసీ లేకపోతే అదీ ఇప్పుడే.

ఒకవేళ కాంట్రాక్టు ఆగిపోతే పెన్షన్ సొమ్ము తీసేసుకోవడానికి తొందరపడి సంతకం పెట్టకండి. 36 నెలల వరకు నిర్ణయం వాయిదా వేసుకోవచ్చు. ఆలోగా ఫండ్‌లో సభ్యత్వమున్న మరో సంస్థలో చేరితే పాత సర్వీసు కలుస్తుంది, నాలుగు నెలలకే ఐదేళ్లు నిండుతాయి.