తహసీల్దార్‌కు చుట్టం ఇల్దార్

ప్రశ్న: మా అబ్బాయి రష్యాలోని కజాన్‌లో మెడిసిన్ చదువుతున్నాడు. అక్కడ ఇల్దార్ అనే తాతార్ కుర్రాడు వాడికి మంచి స్నేహితుడయ్యాడు. ఫోన్లో ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు ‘ఇల్లు, దారి ఏంట్రా?’ అన్నాను. ఇంట్లో ఇప్పటికీ ఆట పట్టిస్తున్నారు. ఆ అబ్బాయి తమ్ముడి పేరు ఇల్దుస్‌ట. ఈ పేర్లకు అర్థం ఏమిటండీ?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, ‘ఇల్లు’ సంగతి వదిలేయండి. వినడానికి ఒకేలా ఉందిగానీ దానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ‘దార్’ మాత్రం మనకు బాగా తెలిసినదే. నేను ముప్పై ఏళ్లు తహసీల్దార్ ఆఫీసులో గుమాస్తాగా చేశాను. మా గుండ్రటి రబ్బరు స్టాంపు చివర అరిగిపోయి, ఎంత నొక్కినా ‘తహసీల్’ వరకే పడేది. మిగిలిన ‘దార్’ను ఊదారంగు పెన్నుతో నేనే దిద్దేవాణ్ని. మీ ఉత్తరం చదవగానే ఆ స్టాంపే గుర్తొచ్చింది.

ఈ ‘దార్’ పారశీక మాట. కలిగినవాడు, చేతిలో ఉంచుకున్నవాడు అని అర్థం. జమీన్ ఉన్నవాడు జమీందార్, తహసీలు అంటే వసూలు చూసేవాడు తహసీల్దార్. ఇక ‘ఇల్’ తుర్కీ కుటుంబపు భాషల మాట. తాతార్ భాష కూడా ఆ కుటుంబంలోదే. తాతార్లు ‘ఇల్’ అంటే దేశం, సొంత గడ్డ. నేటి టర్కీలో అదే మాటకు జిల్లా లాంటి అర్థం స్థిరపడింది, అక్కడ 81 ‘ఇల్’లు ఉన్నాయి. రెండూ కలిపితే ఇల్దార్ అంటే దేశాన్ని చేతిలో ఉంచుకున్నవాడు, ఏలిక. కజాన్ ఉన్న ఓల్గా నది తీరాన తుర్కీ మాట, పారశీక మాట ఒకే పేరులో కలవడం వింతేమీ కాదు. తాతార్లు తమ పూర్వీకులుగా చెప్పుకునే అక్కడి బుల్గార్లు 922లోనే ఇస్లాం స్వీకరించారు. ఆ మతంతోపాటు అరబ్బీ, పారశీక మాటలూ పేర్లలోకి దిగాయి.

ఇంతకన్నా తమాషా ఇంకోటుంది. స్కూల్లో మనల్ని నోరు తిరగక ఏడిపించిన ఢిల్లీ సుల్తాను ఇల్‌టుట్‌మిష్ గుర్తున్నాడా? రజియా సుల్తానా తండ్రి, 1211 నుంచి 1236 దాకా ఏలినవాడు. ఆ పేరులోదీ ఈ ‘ఇల్’లే. ‘తుత్’ అంటే తుర్కీలో పట్టుకోవడం. అంటే రాజ్యాన్ని పట్టి నిలిపినవాడు. ఇల్దార్ అర్థం కూడా అదే కదా! కాకపోతే సుల్తానుగారి పేరు అచ్చ తుర్కీ, మీవాడి స్నేహితుడి పేరు సగం పారశీకం.

పారశీక ‘దార్’కూ, సంస్కృతంలో మోయడం, ధరించడం అనే అర్థమున్న ‘ధృ’ ధాతువుకూ మూలం ఒకటే. మన గంగాధర్, శ్రీధర్, మురళీధర్‌లలోని ‘ధర్’ అక్కణ్నుంచి వచ్చిందే. ఇల్దార్‌ను తెలుగింటి పేరుగా మార్చమంటే నేనైతే మహీధర్ అంటాను. మాటకు మాట సరిపోదు, మహీధరమంటే కొండ కూడాను. అయినా పిలుపుకు బాగుంటుంది.

తమ్ముడి పేరు మీరే చెప్పేయగలరు. తాతార్‌లో ‘దుస్’ అంటే స్నేహితుడు, హైదరాబాదులో అందరి నోటా వినిపించే దోస్తే. ఇల్దుస్ దేశానికి దోస్తు. ఈసారి ఇంట్లో ‘ఇల్లు, దారి’ అని నవ్వితే, ఇల్‌టుట్‌మిష్‌ను తడబడకుండా పలకమనండి.