కాన్పుకి ఆసుపత్రి బ్యాగ్ ఎప్పుడు సర్దుకోవాలి? అందులో ఏమేం పెట్టాలి?

35, 36 వారాలకల్లా సర్ది పెట్టుకోండి. కడుపులో కవలలుంటే ఇంకా ముందే. అన్నిటికంటే పైన ఉండాల్సింది ఫైల్: స్కాన్, రక్తపరీక్షల రిపోర్టులు, గుర్తింపు కార్డు, ఇన్సూరెన్స్ కాగితాలు. నొప్పులు మొదలయ్యాక వీటికోసం వెతకాల్సి వస్తే చాలా టెన్షన్.

తల్లికి ముందువైపు గుండీలున్న నైటీలు, చెప్పులు, ఫోన్ ఛార్జర్. ప్యాడ్లు మాత్రం పెద్దవి, ఎక్కువే పెట్టండి. సిజేరియన్ అయినా రక్తస్రావం ఉంటుంది, చాలామందికి ఈ సంగతి ముందు తెలియదు. లోదుస్తులు నడుము పైదాకా వచ్చే వదులైనవైతే కుట్లకి ఒరుసుకోవు.

బిడ్డకి ఉతికిన మెత్తని బట్టలు, టోపీ, దుప్పటి, రోజుకి 10-12 డైపర్లు.

ఏది ఏ అరలో ఉందో మీతో వచ్చేవాళ్లకి ఒకసారి చూపించండి. ఆ సమయంలో తీసిచ్చేది వాళ్లే.