మందు కొట్టకుండా లాన్ బతుకుతుందా?

రసాయన మందులు లేకుండా ఇంటి ముందు లాన్ పచ్చగా ఉంటుందా అని అడిగారు. ఉంటుంది. హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు మా ఇల్లు, గేటు లోపల ఐదారు వందల చదరపు అడుగుల మెక్సికన్ గడ్డి. నాలుగేళ్లుగా దాని మీద ఒక్క చుక్క మందు పడలేదు. అంతకు ముందు నేనూ మాలి ఏం చెబితే అది కొట్టించినవాడినే.

మందు మానేసిన ఏడాది ఆగస్టులో, వానలు బాగా పడుతున్నా, గడ్డి మచ్చలు మచ్చలుగా ఎండిపోవడం మొదలైంది. మాలి చూసి "చెదలు సార్" అని క్లోరోపైరిఫాస్ కొట్టాడు. రెండు రోజులు కిటికీ తీయలేకపోయాం, పాపని బయటికి పంపలేదు. మచ్చలు ఇంకా పెద్దవయ్యాయి. ఈసారి గుళికలు చల్లుదాం అన్నాడు. అవి ఫోరేట్ గుళికలు కావచ్చు, ఆ మందు 2020 చివరి నుంచి మన దేశంలో నిషేధం. నేను అదేమిటని అడిగితే అతనికి పేరే తెలియదు. పేరు తెలియని విషాన్ని పిల్లలు ఆడుకునే చోట చల్లడానికి మనకి ఎంత ధైర్యమో!

అదే వారం మా నాన్న అనంతపురం నుంచి వచ్చారు. సంచి కింద పెట్టకుండానే మచ్చ దగ్గర గొంతుక్కూర్చుని గడ్డిని పిడికిట పట్టి లాగారు. చాప లేపినట్టు లేచి వచ్చేసింది, కింద వేరన్నదే లేదు. మట్టిలో చిటికెన వేలంత తెల్లటి పురుగులు, గోధుమరంగు తలలు, ఒళ్లు ముడుచుకుని సున్నాల్లా పడుకున్నాయి. "చెదలు కాదురా ఇది, వేరు పురుగు. మన శెనక్కాయ చేన్లో ఎన్నిసార్లు చూసినావు, పట్నం పోయి మర్చిపోయినావా" అన్నారు. నిజంగానే మర్చిపోయాను.

రెండు రోజులు పొద్దున్నే ఆ మచ్చల్ని తిరగేసి వదిలేశాం. గోరింకలు దిగి సగం పని అవే చేశాయి, మిగతావి ఏరి సబ్బునీళ్ల బకెట్‌లో వేశాం. తర్వాత వేపపిండి చల్లి, పక్కనుంచి గడ్డి ముక్కలు తెచ్చి నాటాం.

అసలు పని మాత్రం తర్వాతి జూన్‌లో. తొలకరి పడగానే ఈ పురుగు పెద్దదై పెంకు పురుగుగా పైకొస్తుంది, చీకటి పడ్డాక వేపచెట్టు మీద వాలి ఆకు తింటుంది, మళ్లీ మట్టిలో గుడ్లు పెడుతుంది. మా గేటు బయటే వేపచెట్టు. రాత్రి ఎనిమిదికి కింద పాత దుప్పటి పరిచి కొమ్మలు దులిపితే టపటపా రాలాయి, అరబకెట్ అయ్యాయి. ఎదురింటి వాచ్‌మన్ దొంగలనుకుని టార్చ్ పట్టుకుని వచ్చాడు, కాసేపటికి తనూ కొమ్మ పట్టుకున్నాడు. ఇప్పటికీ మొదటి వాన పడిందని టీవీలో చూస్తే చాలు నాన్న ఫోన్: "చెట్టు దులిపినావా?"

ఇంకో విషయం, లాన్‌కి వచ్చే జబ్బుల్లో సగం మనం తెచ్చేవే. మాలీలు నెలకోసారి గుండు కొట్టినట్టు కోస్తారు, త్వరగా పెరగదు కదా అని. ఒకేసారి మూడో వంతు కంటే ఎక్కువ కోయనివ్వకండి, పొట్టిగా కోస్తే ఎండకి మాడి ఖాళీల్లో కలుపు దూరుతుంది. ఇక రోజూ సాయంత్రం పైపు పట్టుకుని ఫోన్ మాట్లాడుతూ తడిపేవాళ్లు, రాత్రంతా ఆకు తడిగా ఉంటే బూజు రాక ఏం చేస్తుంది? రెండు మూడు రోజులకోసారి, పొద్దున, వేరుదాకా ఇంకేలా పెట్టండి. ట్యాంకర్ డబ్బులూ మిగులుతాయి.

తుంగ అనే కలుపు గురించి మాత్రం నన్నడగొద్దు. పైన పీకితే కింద గడ్డ ఉండిపోతుంది, పది రోజుల్లో మళ్లీ తల ఎత్తుతుంది. ఆదివారం పూట స్క్రూడ్రైవర్ పట్టుకుని ఒక్కో గడ్డా తవ్వుకుంటూ కూర్చుంటాను, మా ఆవిడ కాఫీ అక్కడికే తెచ్చిస్తుంది.