డ్రైవ్‌లో ఉందిగా అని ధీమాగా ఉండకు బుజ్జీ

బుజ్జీ, మొన్న ఫోన్లో "లెక్కలు, బిల్లులు, స్టాక్ అన్నీ గూగుల్ డ్రైవ్‌లోనే ఉన్నాయత్తా, మళ్ళీ బ్యాకప్ ఎందుకు" అన్నావు కదా, ఆ గోలలో సరిగ్గా చెప్పలేకపోయా, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

నువ్వు సింక్‌ని, అంటే లాప్‌టాప్‌లో ఉన్నదే పైన డ్రైవ్‌లోనూ ఉండేలా చూసే ఏర్పాటుని, చూసి బ్యాకప్ అనుకుంటున్నావే. షాపు లాప్‌టాప్‌లో ఫోల్డర్ డిలీట్ చేస్తే సింక్ బుద్ధిగా పైన కూడా డిలీట్ చేసేస్తుంది. రాన్సమ్‌వేర్, అదే ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే వైరస్, పట్టుకుంటే ఆ పాడైన ఫైళ్ళే పైకి ఎక్కుతాయి. డ్రైవ్ ట్రాష్‌లో ఉండేది 30 రోజులు, వర్క్‌స్పేస్ (వ్యాపారాలకి గూగుల్ డబ్బులు తీసుకుని ఇచ్చేది) అయితే ఆ తర్వాత తిరిగి తెచ్చుకోడానికి అడ్మిన్‌కి ఇంకో 25 రోజులు, అంతే. మార్చిలో ఎవరో తీసేసిన పర్చేజ్ బిల్లులు ఆడిటర్ అడిగేది సెప్టెంబర్లో! అదే వర్క్‌స్పేస్‌లో మానేసిన అకౌంటెంట్ లాగిన్‌కి డబ్బులు దండగని తీసేస్తారు చూడు, 20 రోజులు దాటితే ఆ అకౌంట్ మళ్ళీ తిరిగి రాదు.

కంపెనీవాళ్ళు చూసుకుంటారుగా అంటావేమో, వాళ్ళు చూసుకునేది వాళ్ళ మెషిన్లని. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్ దగ్గర ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ తగలబడితే వేరేచోట కాపీ లేనివాళ్ళ డేటా పోయింది, అంతే సంగతులు. 2024 మేలో ఆస్ట్రేలియాలో యూనిసూపర్ అని 6 లక్షల మందికి పైగా మెంబర్లున్న పెన్షన్ ఫండ్, గూగుల్ వైపు జరిగిన సెట్టింగ్ పొరపాటుకి గూగుల్ దగ్గర వాళ్ళు వాడుకునే ప్రైవేట్ క్లౌడే డిలీట్ అయిపోయింది. వేరే కంపెనీ దగ్గర కూడా బ్యాకప్ పెట్టుకున్నారు కాబట్టి లేచి నిలబడ్డారు, అదీ వారం పైనే పట్టింది.

నీకు అంత హంగామా అక్కర్లేదు. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొను, వారానికోసారి కాపీ చేసి వైరు పీకేసి ఇంట్లో బీరువాలో పెట్టు, తగిలించే ఉంచితే వైరస్ దానికీ ఎక్కుతుంది. ఇంకో కాపీ వేరే కంపెనీ క్లౌడ్‌లో, వేరే మెయిల్ ఐడీతో, ఆ పాస్‌వర్డ్ షాపులో ఎవరికీ ఇవ్వకు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, గూగుల్ షీట్‌ని కంప్యూటర్‌లోని డ్రైవ్ ఫోల్డర్ నుంచి అలాగే డిస్క్‌లోకి లాగితే వచ్చేది లింకే, లోపల అంకె ఒక్కటి కూడా ఉండదు, ఎక్సెల్‌గా డౌన్‌లోడ్ చెయ్యాలి, లేదా టేకౌట్ వాడు, అది నీ డేటా మొత్తం ఒకేసారి దించుకోడానికి గూగుల్ ఇచ్చేదే. ట్యాలీ డేటా ఫోల్డర్ కూడా మర్చిపోకు.

జీఎస్టీ లెక్కలు యాన్యువల్ రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలి, తెలుసుగా. ప్రైవేట్ లిమిటెడ్ చేస్తానంటున్నావు, అలాగైతే 2022 ఆగస్టులో మార్చిన రూల్ ప్రకారం ఎలక్ట్రానిక్ లెక్కల బ్యాకప్ రోజూ ఇండియాలోని సర్వర్‌లో ఉండాలి, ఇది మీ ఆడిటర్‌తో ఇప్పుడే మాట్లాడుకో.

కాపీ తీసి ఊరుకోకు, నెలకోసారి నెట్ ఆపేసి, ఆ డిస్క్ వేరే కంప్యూటర్‌కి పెట్టి పోయినేడాది బిల్లు ఏదో ఒకటి తెరిచి చూడు, తెరుచుకోకపోతే వెంటనే నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్త