స్టాన్‌హోప్‌ని మంచివాణ్ణి చెయ్యకు

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీర్వదించి రాసేది. మొదటి ప్రపంచ యుద్ధం మీద ఆర్.సి. షెరిఫ్ రాసిన ఇంగ్లీషు నాటకం ‘జర్నీస్ ఎండ్’ని తెలుగు చేసి ఆడించబోతున్నావని తెలిసి సంతోషించాను. కెప్టెన్ స్టాన్‌హోప్‌ని జనం ఛీ కొడతారేమోనని నీ భయం. తాగుబోతు, నోటి దురుసు, కింది ఆఫీసర్ ఉత్తరం లాక్కునే రకం కదా అని. ఆ భయం వదిలెయ్. నువ్వేం చేసినా చెయ్యకపోయినా వాళ్లు అతన్ని నెత్తిన పెట్టుకుంటారు. నాటకం కట్టిన తీరే అలాంటిది. నువ్వు బెంగపడాల్సింది వేరే ఉంది.

ముందు ఆ కట్టుబడి చూడు. 1918 మార్చి, ఫ్రాన్స్‌లో సెయింట్ క్వెంటిన్ ఎదుట బ్రిటిష్ కందకాలు. జర్మన్ల పెద్ద దాడి ఇవాళో రేపో అన్నట్టుంది. తెర లేచాక చాలాసేపు స్టాన్‌హోప్ రంగం మీదే ఉండడు, అతని గురించిన మాటలే ఉంటాయి. హార్డీ అనేవాడు అతని తాగుడుని తమాషాగా చెప్పి నవ్వుతాడు. ఈ హార్డీ ఎవడు? కందకాన్ని చెత్తచెత్తగా వదిలి, తుప్పు పట్టిన బాంబులు అప్పగించి వెళ్లిపోతున్నవాడు. వెనకేసుకొచ్చేది స్టాన్‌హోప్ కింది ఆఫీసర్ ఆస్‌బర్న్. నెరిసిన జుట్టు, యుద్ధానికి ముందు స్కూలు మాస్టారు, అబద్ధమాడడని మొహం చూస్తేనే తెలిసే మనిషి. ఆ తర్వాత రాలీ, స్కూల్లో స్టాన్‌హోప్‌ని దేవుడిలా చూసి, ఇప్పుడు అతని కిందకే కొత్త ఆఫీసర్‌గా వచ్చిన కుర్రాడు. నింద తేలిక మనిషి నోట, మెచ్చుకోలు బరువైన మనిషి నోట పెట్టాడు షెరిఫ్. స్టాన్‌హోప్ వచ్చి విస్కీ తెమ్మని అరిచేసరికి ప్రేక్షకుడు అప్పటికే అతని పక్షం.

ఆ తర్వాత ప్రతి తప్పు వెనకాలా దాన్ని మాపేసేది ఒకటుంటుంది. స్టాన్‌హోప్ మనసిచ్చింది రాలీ వాళ్లక్కకి. తన తాగుడు సంగతి రాలీ ఆమెకి రాశాడేమోనని ఉత్తరం లాక్కుంటాడు. ఆస్‌బర్న్ చదివితే అందులో ఉన్నదంతా పొగడ్తే. స్టాన్‌హోప్ సిగ్గుతో చితికిపోతాడు, మనం లాక్కోవడాన్ని మరిచిపోయి ఆ సిగ్గునే గుర్తుపెట్టుకుంటాం.

హిబ్బర్ట్ సీను ఇంకా గడుసుది. హిబ్బర్ట్ ఇంకో కింది ఆఫీసర్, నొప్పి వంకతో వెనక్కి పోదామనుకున్నవాడు, వాడి మీద స్టాన్‌హోప్ రివాల్వర్ ఎత్తుతాడు. వాడు కళ్లు మూసుకుని కదలకుండా నిలబడ్డాక, నాకూ ఇదే భయం అని స్టాన్‌హోప్ ఒప్పుకుంటాడు. హాల్లో అందరికీ గుండె కరుగుతుంది. కానీ జరిగింది ఏమిట్రా? భయంతో వణికేవాణ్ణి తుపాకీ చూపించి చావు ముందు నిలబెట్టాడు. ఆ యుద్ధంలో పారిపోవడం, పిరికితనం లాంటి నేరాల కింద బ్రిటిష్ సైన్యం కాల్చేసిన 306 మందికి క్షమాభిక్ష 2006లో గానీ రాలేదు. ఆ రివాల్వర్ ఉత్త బెదిరింపు కాదు. అందుకని ఆ నిశ్శబ్దాన్ని సాగదియ్. స్టాన్‌హోప్ కాలుస్తాడనే అనిపించాలి. తర్వాత ఒప్పుకునే మాటల కింద వేణువో వయొలినో పెట్టావంటే నా చేతిలో దెబ్బలు తింటావు.

తాగుడు సంగతి. మన రంగస్థలం మీద తాగుబోతంటే తూలాలి, వెక్కిళ్లు పెట్టాలి, వెనక బెంచీలు నవ్వాలి. ఇక్కడ తూలుడు పొదుపుగా వాడుకో. ఏళ్ల తరబడి తాగేవాడు చుక్క పడ్డాకే కుదురుగా నిలబడతాడు. చుక్క పడకముందు చేతుల్ని చూపించు. పద్దెనిమిదేళ్లకి స్కూలు నుంచి నేరుగా కందకంలోకి వచ్చినవాడు, తాగకపోతే బంకర్ మెట్లెక్కి పైకి పోలేడు. ఆ చేతులు చాలు, నువ్వు జాలి అడుక్కోనక్కర్లేదు.

నీ బెంగ ఇక్కడ పెట్టుకో. నాటకంలో అతన్ని తూచేవాళ్లంతా దాదాపు ఆఫీసర్లే. పైన బురదలో కాపలా కాసే జవాన్ల నోట అతని గురించి మాట రాదు. పగటి దాడికి పంపితే ఆస్‌బర్న్ పోతాడు, ఆరుగురు జవాన్లూ పోతారు. ఆ రాత్రి బంకర్లో కోడికూర, షాంపేన్. జనం ఆస్‌బర్న్ కోసమే ఏడుస్తారు, ఆ ఆరుగురికి పేర్లే లేవు. షెరిఫ్ తనూ ఆఫీసరే, ఈస్ట్ సర్రే రెజిమెంట్, 1917లో పాషెన్‌డేల్ దగ్గర గాయపడ్డాడు. తన బంకర్లోని వాళ్ల మీద ప్రేమతో రాశాడనిపిస్తుంది నాకు, అది తప్పనను. నువ్వు మాత్రం రాలీ విందుకి రాకుండా జవాన్లతో తిని వచ్చాడన్న చోట తొందరపడకు. స్టాన్‌హోప్ వాడి మీద విరుచుకుపడే కోపంలో దుఃఖం ఉంది, అధికారమూ ఉంది. రెండూ వినిపించాలి. మెత్తదనం అంతా చివర్లో, వెన్ను విరిగిన రాలీ దగ్గరికే దాచి ఉంచు.

పాత్రల పంపకం గురించి ఒక్క మాట. 1928 డిసెంబర్‌లో లండన్ అపోలో థియేటర్లో మొదటిసారి ఆడినప్పుడు స్టాన్‌హోప్ వేసిన లారెన్స్ ఒలివియేకి 21 ఏళ్లు. పాత్ర వయసూ ఇంచుమించు అంతే. నువ్వూ ఆ వయసు కుర్రాణ్ణే వెతుక్కో. మీ నాటక సమాజంలో సీనియర్ ఎవరో ఒకాయన హీరో వేషం నాదేనంటాడు, తప్పదు. ఆయనకి ఆస్‌బర్న్ ఇవ్వు, నాటకంలో అందరికంటే మంచివాడు ఆస్‌బర్నే అని చెప్పు. ఒప్పుకుంటాడు.

మీ మావయ్య