నాలుగు వయొలిన్లతో నేపథ్య సంగీతం

ప్రశ్న: ప్రేమకథతో షార్ట్ ఫిల్మ్ తీశాం. జంట రైల్వే స్టేషన్‌లో విడిపోయే సీను 40 సెకన్లు. కీబోర్డు స్ట్రింగ్స్ పెడితే ప్రాణం లేదు. మన సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటున్న నలుగురు వాయిస్తామన్నారు. వాళ్లది కర్ణాటక పద్ధతి. ఆర్కెస్ట్రాలా వస్తుందా?
- ఓ పాఠకుడు, విజయనగరం

జవాబు: వస్తుంది. కాకపోతే గమకం (స్వరాన్ని ఊపుతూ పలికించడం) ఒక్కరికే వదలండి. నలుగురూ ఒకే స్వరాన్ని ఎవరి ఊపుతో వాళ్లు వాయిస్తే అది అపశ్రుతిలాగే వినిపిస్తుంది. మిగతా ముగ్గురూ స్వరాన్ని కదపకుండా నిలపాలి. సాధకులకు ఇదే కష్టం, చెయ్యి ఊరుకోదు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1936లో ప్రిన్సిపాల్ అయిన కళాశాల పిల్లలు కదా, ఒక పూట సాధనతో పట్టేస్తారు.

ముందు శ్రుతి. ఇద్దరిని ఐదు శ్రుతిలో (నాలుగు తీగలూ కింది నుంచి పాశ్చాత్య స్వరాల పేర్లతో జి-డి-జి-డి), ఇద్దరిని రెండు శ్రుతిలో (డి-ఎ-డి-ఎ) కూర్చోబెట్టండి. పాశ్చాత్య వయొలిన్ కింది జి దగ్గరే ఆగిపోతుంది. రెండు శ్రుతి వాళ్లు ఇంకా కిందికి, డి దాకా దిగుతారు కాబట్టి మీకు వయోలా (వయొలిన్ కన్నా కింది స్వరాలు పలికే వాద్యం) లేని లోటు చాలావరకు తీరుతుంది. ఐదు శ్రుతికి బిగించిన వయొలిన్‌ను అక్కడికక్కడ రెండుకు దించకండి, తీగలు వదులై గరగరమంటాయి. ఆ శ్రుతిలోనే రోజూ వాయించేవాళ్లను పిలవండి. స్వరాలు రెండు కాగితాల మీద విడిగా రాయండి. మొదటి జంటకు 'స' అయినది రెండో జంటకు 'మ' అవుతుంది. ఒకే కాగితం ఇస్తే రికార్డింగంతా పాడవుతుంది. కీబోర్డు కూడా కలుస్తుంది కాబట్టి ట్యూనర్‌లో 440 (ఎ స్వరం 440 హెర్ట్జ్) పెట్టే శ్రుతి చేయించండి.

లయ సంగతి. సెకనుకు 24 ఫ్రేముల సినిమాకు నిమిషానికి 72 దెబ్బల క్లిక్ (హెడ్‌ఫోన్‌లో వినిపించే తాళపు టిక్కు) పెడితే దెబ్బకు సరిగ్గా 20 ఫ్రేములు. 40 సెకన్లకు 48 దెబ్బలు, అంటే ఎనిమిది దెబ్బల ఆదితాళం ఆరు ఆవర్తనాలు (చుట్లు). ఐదో ఆవర్తనం ఎత్తుగడ 26 సెకన్ల 16 ఫ్రేముల దగ్గర పడుతుంది. రైలు కదిలేది అక్కడే అయితే అదృష్టం. కాకపోతే షాట్ కోయకుండా క్లిక్ మార్చండి: 70 పెడితే అదే ఎత్తుగడ 27.4 సెకన్లకు జరుగుతుంది, 74 పెడితే 25.9కి వస్తుంది. చివరి ఆవర్తనంలో క్లిక్ శబ్దం తగ్గించండి. లేకుంటే హెడ్‌ఫోన్‌లోంచి టిక్కుటిక్కుమని మైకులోకి కారుతుంది.

నిలుపు స్వరాలను మూడుసార్లు రికార్డు చేయండి. ప్రతిసారీ కూర్చునే చోటు మార్చాలి, ఒకే శ్రుతిలో ఉన్నవాళ్లు వయొలిన్లూ మార్చుకోవాలి. అదే వాద్యం, అదే చోటు అయితే మూడు పొరలూ కలిసి గొట్టంలోంచి వచ్చినట్టు ఉంటుంది. కమాను పైకా కిందికా అన్నది కాగితం మీద గుర్తు పెట్టండి. గమకంతో సాగే పాట మాత్రం ఒక్క పొరే. కీబోర్డును రెండు శ్రుతి వయొలిన్ల కన్నా కిందనున్న చెల్లో, బేస్ స్వరాలకే వాడండి.

రికార్డింగ్ శాంపుల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలిచి నమోదు చేస్తారన్న లెక్క) 48 కిలోహెర్ట్జ్‌లోనే. 44.1లో చేసినదాన్ని మార్చకుండా 48లో మోగిస్తే 40 సెకన్ల ముక్క 36.75 సెకన్లకే అయిపోతుంది, శ్రుతి కూడా దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పైకి పోతుంది.

ప్రశ్న: హీరోయిన్ మాట్లాడే చోట వయొలిన్ తగ్గిస్తే సంగీతం ఉన్నట్టే లేదు, పెంచితే మాట వినపడదు.
- ఓ పాఠకురాలు, రాజాం

జవాబు: గొడవ శబ్దం ఎక్కువ తక్కువలతో కాదు, స్వరాల స్థాయి (మంద్రమా తారమా అన్నది) మార్చాలి. మాటలో హల్లులు తెలిసేది ఎక్కువగా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య. పై స్థాయిలో గట్టిగా వాయించే వయొలిన్ అక్కడే అడ్డుపడుతుంది. మాట ఉన్నంతసేపూ కింది తీగల మీద ఒకే స్వరం నిలిపి, పాటను మాటల మధ్య ఖాళీల్లో కదపండి. చెవి కదిలేదాని వెంటే పోతుంది మరి. ఆ తర్వాతా చాలకపోతే ఈక్వలైజర్‌లో అక్కడ 2, 3 డెసిబెల్స్ తగ్గించండి. అంతకు మించి తీస్తే వయొలిన్ గోడ అవతల ఉన్నట్టుంటుంది.

ప్రశ్న: ప్రేమ సన్నివేశానికి మా ఊరి వీణే పెడితే?
- ఓ పాఠకుడు, బొబ్బిలి

జవాబు: పెట్టండి, కానీ వీణ మీద సాగదీసే పాట రాయకండి. మీటిన స్వరం వెంటనే సన్నగిల్లుతుంది. రెండు మూడు స్వరాల పలుకు వీణకిచ్చి, దాని చివరి స్వరాన్ని వయొలిన్లు అందుకుని నిలిపితే సరిపోతుంది. వీణ శ్రుతి ముందే అడిగి పాటను ఆ శ్రుతికే కట్టండి. రికార్డింగ్ రోజున ఏడు తీగలూ కొత్త శ్రుతికి మారిస్తే అవి కుదురుకునేసరికి పూట గడిచిపోతుంది.