వేల్స్‌లోనే ఉన్న ఊరికి 'వెల్ష్‌పూల్' అని పేరెందుకు?

ప్రశ్న: టిపు సుల్తాన్ గుడారం వేల్స్‌లో వెల్ష్‌పూల్ దగ్గరి కోటలో ఉందని చదివాను. ఊరు వేల్స్‌లోనే ఉండగా పేరులో మళ్లీ 'వెల్ష్' ఎందుకండీ? గుడారం అక్కడికెలా చేరింది? (ఒక పాఠకురాలు, కడప)

జవాబు: ఊరి అసలు పేరు 'పూల్'. ఇంగ్లండు దక్షిణ తీరంలో డోర్సెట్‌లోనూ అదే పేరుతో ఒక రేవుపట్నం ఉంది. ఆ తికమక పోవడానికి 1835లో దీన్ని వెల్ష్‌పూల్‌గా మార్చారు. పాత దస్తావేజుల్లో వెతికేవారు 'పూల్', 'లా పోల్' అని కూడా చూడకపోతే సగం సమాచారం చేజారిపోతుంది.

గుడారం ఉన్న పోవిస్ కోట వనంలో లిన్ డీ అనే నల్లచెరువు ఉంది. ఊరికి పేరు దాన్నుంచే వచ్చిందంటారు. ఈ ప్రాంతాన్నేలిన పోవిస్ రాజు గ్రిఫిద్ ఆప్ గ్వెన్విన్విన్ 1263లో ఊరికి పట్టణ హక్కులిచ్చాడు. ఆయన కొడుకు ఒవైన్ ఇంగ్లిషు ప్రభువుల పద్ధతిలో 'డి లా పోల్' అని ఊరి పేరునే ఇంటిపేరు చేసుకున్నాడు. సొంత వెల్ష్ రాజు లెవెలిన్‌తో పడక ఇంగ్లండు రాజు పక్షం చేరిన వంశం మరి!

వెల్ష్ వాళ్లు మాత్రం ఈ ఊరిని 'అ ట్రల్లుఙ్' అంటారు. కాలు దిగబడే చిత్తడి నేల అని అర్థం. సెవర్న్ నది ఒడ్డున ఉన్న ఊరికి అతికినట్టున్న పేరు. పలకడంలో చాలామంది రెండుచోట్ల తడబడతారు. 'ల్ల' దగ్గర నాలుకను 'ల'కు పెట్టినట్టే పెట్టి, గొంతు కలపకుండా పక్కలనుంచి గాలి వదలాలి. చివర 'గ్' వినపడకూడదు, మన 'ఙ్' చాలు. మొదటి 'అ' ఉపపదం కాబట్టి పేర్ల పట్టికలో ఊరిని 'ట' దగ్గర చూడండి.

ఇక గుడారం సంగతి. రాబర్ట్ క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్ 1784లో ఈ కోట యజమానుల ఆడపడుచు హెన్రియెటా హెర్బర్ట్‌ను పెళ్లాడాడు. 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు ఆయనే. 1799లో శ్రీరంగపట్నం పడిపోయింది. 1800లో మీ కడప సీమను నిజాం కంపెనీకి వదులుకున్నాడు. రెండూ ఆయన హయాంలోనే. టిపు సొత్తులో కొంత అలా క్లైవుల చేతికొచ్చి పోవిస్ కోటకు చేరింది. తెల్లటి నూలుబట్ట మీద కమానుల వరస, ఒక్కో కమానులో పూలకుండీ అద్దిన గుడారమది. అంతటి పనితనాన్ని ఆ కుటుంబం తోట విందులకు పందిరిగా వాడుకుందంటే మనసు చివుక్కుమంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి బర్మింగ్‌హామ్‌లో చదువుతున్నాడు. ఆ కోట చూడాలంటే ఎలా వెళ్లాలి? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్‌లో అబరిస్ట్‌విత్ రైలెక్కితే మారకుండా సుమారు గంటన్నరలో వెల్ష్‌పూల్‌లో దిగొచ్చు. రైళ్లు సాధారణంగా రెండు గంటలకొకటి కాబట్టి తిరుగు రైలు వేళ ముందే చూసుకోమనండి. ఊళ్లోంచి కోటకు మైలు నడక.

ఒక జాగ్రత్త. రాతి రంగును బట్టి ఈ కోటను వెల్ష్‌లో 'కాస్టెల్ కోఖ్', ఎర్రకోట, అంటారు. అదే పేరుతో కార్డిఫ్ పక్కన ఇంకో కోట ఉంది, అది చాలా దూరం. ఫోన్లో 'పోవిస్ కాజిల్' అనే వెతకాలి. అద్దకపు రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి కాబట్టి పాత బట్టలు ఎప్పుడూ ప్రదర్శనలో ఉండకపోవచ్చు. కోటను 1952 నుంచి చూసుకుంటున్న నేషనల్ ట్రస్ట్ వారిని, గుడారం కనిపిస్తుందో లేదో అడిగాకే టికెట్ కొనమనండి.